నూరెంబర్గు అచ్చుబొమ్మలు: ఒక గురువు, ఒక శిష్యుడు



ఒక గ్రంథమును చేతబట్టినప్పుడు దానిని రచించినవారెవరో ముఖపత్రమే మనకు చెప్పును. ఒక చిత్రపటమును చూచినప్పుడు దాని మూలనున్న సంతకము చెప్పును. కాని యనేకులు కలిసి చేసిన పనియందు, అందును గురువును శిష్యుడును కలిసి చేసిన పనియందు, ఎవరి హస్తమెంతవరకు నడచినదో చెప్పుట యెట్లు? పేరు గురువుది. శ్రమలో కొంత శిష్యునిది. ఇది న్యాయమా, అన్యాయమా? ఈ ప్రశ్న కంసాలి కుంపటి యొద్దను, సాలెవాని మగ్గము యొద్దను, శిల్పుల పందిరి క్రిందను నేటికిని పుట్టుచునే యున్నది. ఐదువందల యేండ్లకు పూర్వము జర్మనీ దేశమందలి నూరెంబర్గు నగరమున ఒక గురువును, ఒక శిష్యుడును తమ జీవితములచేత దీనికి కొంత సమాధానము చెప్పిపోయిరి. గురువు పేరు మిఖాయేలు వోల్గెముటు. శిష్యుని పేరు ఆల్బ్రెక్టు డ్యూరరు. వారు కొయ్యపలకలనుండి యచ్చుబొమ్మలు తీయించిన చిత్రకారులు. వారి వృత్తాంతమును నేడు మీకు విన్నవించెదను.

మొదట అచ్చుబొమ్మ యననేమో తెలిసికొందము. మచిలీపట్టణపు ప్రాంతములందు అద్దకపు పనివారు బట్టలపై పూవులను, తీగెలను ఒత్తు కొయ్య అచ్చులను మీలో పలువురు చూచియే యుందురు. ఐరోపాలో కాగితముపై బొమ్మలు వేసినదియు నిట్టి యుపాయముచేతనే. చిత్రకారుడు నునుపు చేసిన పలకపై బొమ్మను గీయును. చెక్కడపువాడు సన్నని కత్తితో ఆ గీతలను మాత్రము నిలిపి, తక్కిన కొయ్యనంతయు తొలచివేయును. నిలిచిన గీతలకు సిరా పూసి కాగితము నొత్తినచో బొమ్మ దిగును. పలకపై కుడివైపున నున్నది కాగితముపై నెడమకు వచ్చును. కావున గీయునప్పుడే ఆ సంగతి తలచుకొనవలెను. 1455వ సంవత్సర ప్రాంతమున మైంజు నగరమందు గూటెన్‌బర్గు సీసపు అక్షరములతో బైబిలు గ్రంథమును ముద్రించెను. ఆ యక్షరములును కొయ్యగీతలవలె నుబ్బెత్తుగా నుండునవే గనుక, తరువాతివారు అక్షరములను, బొమ్మను ఒకే చట్రమున బిగించి ఒకేసారి ముద్రింప నేర్చిరి. ఇట్లు ఒక బొమ్మకు గీయువాడొకడు, చెక్కువాడొకడు, ఒత్తువాడొకడు, వీరందరికి పెట్టుబడి పెట్టువాడొకడు, నలుగురు కావలసివచ్చిరి. చదువరి కన్నులకు మాత్రము నలుగురును కనబడరు.

నూరెంబర్గు ఆ కాలమున వర్తకమునకు, లోహపు పనికి పేరుపడిన నగరము. అచట 1471 మే 21వ తేదీన డ్యూరరు జన్మించెను. తండ్రి హంగరీ దేశమునుండి వచ్చి స్థిరపడిన కంసాలి. ఆ దంపతులకు పదునెనమండ్రు బిడ్డలు పుట్టగా, పెరిగి పెద్దవారైనవారు ముగ్గురే. తండ్రి యీ కుమారునికి బడిచదువు చెప్పించి, పిదప తన వృత్తిలోనే పెట్టెను. బాలుడు బంగారుపని చక్కగనే నేర్చుచుండెను గాని, వాని మనసు చిత్రలేఖనముమీద నుండెను. పదుమూడేండ్ల ప్రాయమున, అనగా 1484లో, అద్దములో చూచుకొని వెండిమొన గల కలముతో తన ప్రతిబింబమును తానే గీసికొనెను. ఆ చిత్రము నేటికిని వియన్నా నగరపు అల్బెర్టీనా చిత్రశాలయందు భద్రముగా నున్నది. చిత్రకారుడనగుదునని కుమారుడు చెప్పినప్పుడు, కంసాలిపని నేర్చుటకు గడచిన కాలము వ్యర్థమాయెనే యని తండ్రి చింతించెను. అయినను కుమారుని కోరికకు అడ్డుచెప్పలేదు. 1486 నవంబరు 30వ తేదీ, క్రైస్తవులు ఆంద్రెయ భక్తుని పండుగ జరుపుకొను దినమున, పదునైదేండ్ల బాలుని మూడేండ్ల కరారుపై వోల్గెముటు చిత్రశాలలో శిష్యునిగా అప్పగించెను. ఈ తేదీని దయతో జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

వోల్గెముటునకు అప్పుడు ఏబదిరెండేండ్లు. 1472లో ఆతడు హాన్సు ప్లైడెన్‌వుర్ఫు అను చిత్రకారుని వితంతువును వివాహమాడి, ఆ చిత్రశాలను నడుపుచుండెను. మొదటి భర్తవలన ఆమెకు కలిగిన విల్‌హెల్ము అను కుమారుడును చిత్రకారుడై ఆతనితో కలిసి పనిచేయుచుండెను. చర్చీలలో నిలుపు పెద్ద పెద్ద చిత్రపటములకు ఆ చిత్రశాల ప్రసిద్ధి. అది మన తలపులోని గురుకులము కాదు, పదిమంది పనివారు నడుపు కర్మాగారము. రంగులు నూరుట, పలకలకు పూత పూయుట, గురువు గీసిన నమూనాను పెద్దదిగా దింపుట, వెనుకనుండు కొండలను చెట్లను పూర్తిచేయుట, ఇవి యానాటి చిత్రశాలలలో శిష్యుల పనులు. ముఖములు, చేతులు తరచుగా గురువుగారివి. ఎవరేమి చేసినను బయటకు పోవునప్పుడు అది గురువుగారి పని. డ్యూరరు 1524లో వ్రాసిన వంశచరిత్రమునందు ఆ దినములను గూర్చి రెండు మాటలు మాత్రము చెప్పినాడు: దేవుడు తనకు శ్రద్ధ ననుగ్రహించుటచేత బాగుగ నేర్చుకొంటిననియు, తోటి పనివారివలన చాల బాధపడితిననియు. కర్మశాలలో చిన్నవాడు పడు పాట్లు ఏ దేశమందైనను ఒకటే కాబోలు.

ఆ దినములలోనే ఒక మహాప్రయత్నము మొదలయ్యెను. నూరెంబర్గు వైద్యుడును, గొప్ప గ్రంథసంపన్నుడును అగు హార్ట్‌మన్ను షేడెలు సృష్ట్యాది మొదలు తన కాలము వరకు గల లోకచరిత్రమును సంకలనము చేసెను. సెబాల్డు ష్రాయరు, సెబాస్టియను కమ్మర్‌మైస్టరు అను ఇరువురు ధనికులు దానిని సచిత్రముగా ముద్రింప పెట్టుబడి పెట్టిరి. ఈ యేర్పాటు 1487–88 నాటికే ఆరంభమైనది. 1491 డిసెంబరు 29న వ్రాసికొనిన ఒడంబడిక ప్రకారము వోల్గెముటునకును, విల్‌హెల్మునకును కాగితము, ముద్రణము, విక్రయముల ఖర్చు నిమిత్తము 1,000 గుల్డెను నాణెములు ముందుగా నీయవలెను. లాభమందు వారికి భాగము కలదు. అచ్చు జరుగుచున్నంతకాలము వారిలో నొకడు ముద్రణాలయమున నుండి బొమ్మలు చెడకుండ చూచుకొనవలెను. మరుసటి సంవత్సరము మార్చిలో ముద్రాపకునితో వేరొక ఒడంబడిక జరిగెను. ఆ ముద్రాపకుడు ఆంటోను కోబర్గరు. 24 ముద్రణయంత్రములను, నూరుగురికి పైబడిన పనివారిని పెట్టి పనిచేయించినవాడని ఆ నగరపువాడొకడు వ్రాసియున్నాడు. ఈతడే డ్యూరరునకు బాప్తిస్మసమయమున జ్ఞానతండ్రిగా నిలిచినవాడు.

గ్రంథము 1493 జూలై 12న లాటిను భాషలోను, అదే యేట డిసెంబరు 23న జర్మను భాషలోను వెలువడెను. అందు 645 పలకలతో ఒత్తిన 1,809 బొమ్మలు కలవు. లెక్క సరిపడలేదని శంకింపకుడు. ఒకే రాజు తల పలువురు రాజుల పేరను, ఒకే పట్టణపు బొమ్మ వేర్వేరు పట్టణముల పేరను మరలమరల ఒత్తబడెను. కాని తమ నూరెంబర్గును మాత్రము రెండు పుటల నిండుగ, కోటతో గోపురములతో ఉన్నదున్నట్లు చూపిరి. అంతకుముందు కొయ్యబొమ్మలు చాలవరకు బయటి గీతలు మాత్రమే. చేతితో రంగు నింపినగాని నిండుగ నుండెడివి కావు. వోల్గెముటు చిన్న చిన్న గీతలను దట్టముగా పరచి, వెలుగు నీడలను సిరాతోనే చూపుటకు యత్నించెను. శిష్యునికి గురువిచ్చిన విద్య ఇదియే. ఇక పేర్ల సంగతి. గ్రంథము తుది పుటలో ష్రాయరు, కమ్మర్‌మైస్టరు, కోబర్గరుల పేర్లతోపాటు వోల్గెముటు, విల్‌హెల్ముల పేర్లును అచ్చువేసిరి. అప్పటికి బొమ్మలు గీసినవారి పేర్లను గ్రంథమందు చెప్పుట అరుదు. అది గొప్ప గౌరవమే. కాని పలకలు చెక్కినవారి పేరొక్కటియు లేదు. శిష్యులలో నెవరి పేరును లేదు.

డ్యూరరు ఆ చిత్రశాలలో నున్నది 1486 తుదినుండి మూడేండ్లు. గ్రంథపు పని ఆరంభమైనదియు ఆ కాలముననే. ఈ బొమ్మలలో కొన్నిటి నాతడే గీసియుండునని కొందరు పండితులు, కాదని కొందరు నేటికిని వాదించుచున్నారు. ఈ వాదమునకు నిర్ణయము లేకపోవుటయే మనకు పాఠము. ఐరోపా ఖండమున కొయ్యబొమ్మలకు మేటియైనవాని బాల్యరచన సహితము గురువు పేరు క్రింద అట్లు కలిసిపోయినది. ఏటికి కాలువనీరు కలిసిన పిమ్మట ఏ నీరు దేనిదో యేరుట సాధ్యమా?

1490లో ఈస్టరు పండుగ పిమ్మట డ్యూరరు దేశాటనమునకు బయలుదేరెను. నేర్పు పూర్తియైన పనివాడు ఊరూర తిరిగి పనిచేసి నేర్చుట ఆనాటి ఆచారము. కొల్మారు నగరమున మార్టిను షోన్‌గవరు అను మహాచిత్రకారుని యొద్ద నేర్వవలెనని 1492లో పోయెను. కాని యాతడు పూర్వపు సంవత్సరముననే మరణించియుండెను. షోన్‌గవరు సోదరులు డ్యూరరును ఆదరించిరి. అక్కడినుండి బాసెలు నగరమునకు పోగా, నికొలాసు కెస్లరు అను ముద్రాపకుడు ప్రకటించుచున్న ఒక లేఖాసంపుటమునకు ముఖచిత్రము గీయు పని దొరకెను. జెరోము అను క్రైస్తవ పండితుడు సింహము కాలిలోని ముల్లు తీయుచున్నట్లు అందు చిత్రించెను. గ్రంథమునందు చిత్రకారుని పేరు లేదు. కాని యా పలక నశింపలేదు. నేటికిని బాసెలు నగరమున నున్నది. దానిని త్రిప్పిచూచినవారికి వెనుకవైపున, సిరా తగులని చోట, తాను నూరెంబర్గు వాడనగు ఆల్బ్రెక్టు డ్యూరరునని చేతివ్రాత కనబడినది. ఇరువదియొక్క యేండ్ల యువకుడు ఎవరును చూడరని తెలిసియు తన పేరును కొయ్య వెనుక వ్రాసికొనెను. పనివాని మనసులోని యాకలి ఎట్టిదో దీనికన్న స్పష్టముగా చెప్పు సాక్ష్యము వేరేల?

1494లో ఇంటికి వచ్చి, జూలై 7న ఆగ్నెసు అను కన్యను వివాహమాడి, కొలదికాలమునకే సొంత చిత్రశాల పెట్టెను. 1498లో బైబిలు తుది భాగమగు ప్రకటన గ్రంథమును 15 పెద్ద బొమ్మలతో తానే ప్రకటించెను. యుద్ధము, క్షామము, మృత్యువు గుఱ్ఱములనెక్కి మనుష్యులను త్రొక్కుచు పరుగెత్తు బొమ్మ అందలిదే. పెట్టుబడిదారుడు లేడు. అక్షరములు మాత్రము కోబర్గరువి. అంతకుముందు బొమ్మ అక్షరములకు తోడుగా నుండెడిది. ఇందు కుడిపుట నిండుగ బొమ్మ నిలిచి, అక్షరములు దాని వెనుకకు పోయినవి. ప్రతి బొమ్మపైనను ఆతని గుర్తు కలదు. తన పేరులోని మొదటి యక్షరమును తోరణమువలె నిలిపి, దాని క్రింద ఇంటిపేరు మొదటి యక్షరమును కూర్చిన ముద్ర అది. పలక వెనుక దాగిన పేరు ఆరేండ్లలో ముందువైపునకు వచ్చినది. విక్రయము సహితము ఇంటివారిదే. 1497లోనే ఊరూర తిరిగి బొమ్మలమ్ముటకు ఒక మనుష్యుని కరారుపై నియమించెను. భార్య ఫ్రాంక్‌ఫర్టు సంతకు పోయి అమ్మెడిది. తల్లియు నూరెంబర్గులో అమ్మెడిది.

పేరునకు విలువ వచ్చిన వెంటనే దానికి దొంగలును వచ్చిరి. మరియమ్మ చరిత్రమును చూపు డ్యూరరు కొయ్యబొమ్మలను మార్కాంటోనియో రైమొండి అను ఇటలీ చిత్రకారుడు రాగిరేకులపై చెక్కి, ఆ గుర్తుతో సహా అచ్చుతీసెను. డ్యూరరు వెనీసు ప్రభుత్వమునకు ఫిర్యాదు చేయగా, గుర్తును మాత్రము వాడరాదని తీర్పు వచ్చెనని వసారి అను చరిత్రకారుడు 1568లో వ్రాసెను. నూరెంబర్గు నగరసభ తీర్మానము దీనికన్న గట్టి సాక్ష్యము. 1512 జనవరిలో ఒక పరదేశి నగరమందిరము క్రింద డ్యూరరు గుర్తుగల దొంగబొమ్మలనమ్ముచుండగా, ఆ గుర్తులను చెరిపివేయవలెననియు, లేనియెడల సరకంతయు జప్తు చేయుదుమనియు సభవారు ఆజ్ఞాపించిరి. బొమ్మను చూచి బొమ్మ గీయుటను వారు నిషేధింపలేదు. చేయనివాని పనికి చేసినవాని పేరు పెట్టుట మాత్రము మోసమనిరి. 1511లో ప్రకటించిన గ్రంథములలో డ్యూరరు చక్రవర్తియగు మాక్సిమిలియను ఇచ్చిన సనదును చూపి, ఇతరుల శ్రమను దొంగిలించువారిని గట్టిగా హెచ్చరించెను.

ఇంతవరకు కథ శిష్యుని పక్షమున నడచినది. ఇప్పుడు ఆ శిష్యుడే గురువైన సంగతి వినుడు. అదే చక్రవర్తి తన కీర్తికై కాగితముపై ఒక విజయతోరణమును నిర్మింపగోరెను. 195 పలకలు, 36 పెద్ద కాగితములు, అన్నియు నతికించినచో పదునొకండు అడుగులకు పైబడిన యెత్తు. లోకమున నంతటి అచ్చుబొమ్మలు మిక్కిలి అరుదు. స్టాబియసు అను పండితుడు విషయమును, కోల్డెరరు అను ఆస్థానచిత్రకారుడు ప్రథమనమూనాను ఇచ్చిరి. బొమ్మల భారము డ్యూరరుది. కాని యంత పని ఒక్క చేతితో నగునా? హాన్సు స్ప్రింగిన్‌క్లే, వోల్ఫు ట్రౌటు అను ఆతని చిత్రశాలవారు చాలభాగము గీసిరి. ఆల్ట్‌డోర్ఫరు అను వేరొక నగరపు చిత్రకారుడు ఇరుప్రక్కల బురుజులను గీసెను. హీరోనిమసు ఆండ్రే తన పనివారితో పలకలన్నియు చెక్కెను. 1515వ సంవత్సరపు అంకెగల ఆ తోరణమున అడుగుమెట్లయొద్ద మూడు కుటుంబచిహ్నములున్నవి: స్టాబియసుది, కోల్డెరరుది, డ్యూరరుది. స్ప్రింగిన్‌క్లేది లేదు. ట్రౌటుది లేదు. పలక వెనుక పేరు వ్రాసికొనిన యువకుడు నలువది దాటునప్పటికి తానును శిష్యుల శ్రమపై తన చిహ్నమును నిలిపెను.

దీనిని బట్టి డ్యూరరును నిందింపవలెనా? తొందరపడరాదని నా యభిప్రాయము. స్ప్రింగిన్‌క్లే అటుపిమ్మట కోబర్గరు సంస్థవారి ప్రార్థనపుస్తకమునకు గీసిన బొమ్మలపై తన సొంత గుర్తును వేసికొనెను. అనగా గురువు శాలలో పేరు లేకపోయినను, బయటకు వచ్చి పేరు నిలుపుకొనుటకు వలసిన విద్య యాతనికి దొరకినది. వోల్గెముటు డ్యూరరునకు చేసినదియు నిదియే. శిష్యుని శ్రమకు గురువు చెల్లించు వెల రెండు విధములు: విద్య యొకటి, విడుదల యొకటి. మూడేండ్ల కరారు మూడేండ్లకు ముగియవలెను. విద్య దాచుకొని, కరారు పొడిగించి, పిల్లవానిని ఎల్లకాలము రంగులు నూరువానిగనే యుంచు గురువు దొంగబొమ్మలు చేసినవానికన్న నెంతయు మేలుకాడు. డ్యూరరు తన తుదికాలమున కొలతలను గూర్చి 1525లో ఒక గ్రంథమును ప్రకటించి, నేర్వగోరు యువకులకు తాను కనుగొన్నదంతయు తెరచి చెప్పెను. నరశరీర ప్రమాణములను గూర్చిన గ్రంథము, 1528 ఏప్రిల్ 6న ఆతడు మరణించిన పిమ్మట అదే యేట వెలువడెను.

ఇక గురువునకు శిష్యుడు చెల్లించిన ఋణము. 1516లో, తన కీర్తి ఐరోపాయంతట వ్యాపించియున్న కాలమున, డ్యూరరు ముసలి గురువును కూర్చుండబెట్టి ఆయన ముఖమును చిత్రించెను. తలకు నల్లని గుడ్డ చుట్టుకొని, బుగ్గలు పీల్చుకొనిపోయి, మెడనరములు తేలి, కన్నులు మాత్రము తీక్ష్ణముగా నిలిచిన వృద్ధుని ముఖమది. ముడుతల నొకదానినైన దాచలేదు. అది నేడు నూరెంబర్గు జర్మను జాతీయ ప్రదర్శనశాలలో నున్నది. ఆ పటముపై తన గుర్తుతోపాటు, ఇది తన గురువగు మిఖాయేలు వోల్గెముటు రూపమనియు, ఆయనకప్పుడు 82 ఏండ్లనియు డ్యూరరు స్వహస్తముతో వ్రాసెను. మూడేండ్లకు గురువు గతించెను. అప్పుడు శిష్యుడు మరల ఆ పటమును తీసి, ఆయన 1519వ సంవత్సరమున ఆంద్రెయ భక్తుని పండుగనాడు సూర్యోదయమునకు ముందు దేహము చాలించెనని చేర్చెను. ఆ పండుగ నవంబరు 30వ తేదీ. ముప్పదిమూడేండ్లకు పూర్వము కంసాలి తన కుమారుని చేయిపట్టి ఆ గురువు నొద్ద అప్పగించినదియు నవంబరు 30వ తేదీనే. ఆ రెండు దినములను వేర్వేరు చోట్ల వ్రాసిపెట్టినవాడు డ్యూరరే. రెంటిని కలిపి యాతడేమియు చెప్పలేదు. గురువు పేరుతో వెలువడిన గ్రంథమున శిష్యుని పేరు లేదు. శిష్యుడు గీసిన పటమున గురువు పేరు నిండుగ నున్నది.

నేటి చిత్రకళాశాలల విద్యార్థులును పేరుపొందిన చిత్రకారులతో గూడి అచ్చుబొమ్మలు తీయుచున్నారు. ఇన్ని ప్రతులలో ఇది యిన్నవదియని బొమ్మ క్రింద సంఖ్య వేసి చిత్రకారుడు సంతకము చేయుటయు, ముద్రించిన శాలవారు కాగితపు అంచున తమ ముద్ర నొత్తుటయు ఇప్పటి మర్యాద. చెక్కినవాని పేరైనను లేని కాలమునకు ఇది ఎంతయు మెరుగు. అయినను కాగితముమీది మర్యాద గురువు మనసులోని మర్యాదకు సాటిరాదు. శిష్యుని చేత నోడిపోవుటను గురువు కోరుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. నలువది యేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను గనుక ఆ మాట యెంత కష్టమైనదో నేనెరుగుదును.

గ్రామములందలి పెద్దలారా! మీ పిల్లవానిని వడ్రంగి యొద్దనో, కంసాలి యొద్దనో, పట్టణమందలి చిత్రకారుని యొద్దనో పనికి పెట్టునప్పుడు కూలి యెంతయని యడుగుట మంచిదే. దానితోపాటు ఈ రెండింటిని అడుగుడు: వీనికి ఏమి నేర్పుదురు? ఎన్నడు విడిచిపెట్టుదురు? పిల్లవానికి కూడ ఒక మాట చెప్పిపంపుడు. ఎంత పేరు సంపాదించినను, తన పేరు ప్రక్కన గురువు పేరు వ్రాయుటకు కొంత చోటు మిగిల్చుకొనుమని చెప్పుడు.